కొత్త రెట్రో కెమెరా వస్తోంది: ప్రీ-ఆర్డర్ పెట్టాలా, ఆగాలా?

కొన్నేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నా చేతిలో కెమెరా లేదు. పాతది అమ్మేశాను. కొత్తది, చూడ్డానికి అచ్చం మా బాపు కెమెరాలా ఉండే ఒక రెట్రో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం డిజిటల్ కెమెరా), ప్రీ-ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తున్నాను. దసరాకు వారం ముందే ఇస్తామని షాపులో అన్నారు. దసరా దాటింది, దీపావళి దగ్గర పడ్డాక వచ్చింది. ఆ సద్దుల సాయంత్రం మా మేనత్త పొద్దుటి నుంచి కూర్చొని పేర్చిన బతుకమ్మను నెత్తిన పెట్టుకొని చెరువు వైపు నడిచింది. ఫోన్‌తో తీశాను. పొద్దుగూకే వెలుతురులో ఫోన్ గునుగు పూల మొనలన్నిటినీ కలిపి ముద్ద చేసేసింది. ఆ మరుసటి ఏడాదికి మేనత్త లేదు.

నేను హన్మకొండలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. బాపుకు కాజీపేటలో చిన్న స్టూడియో ఉండేది. నా చిన్ననాటి సాయంత్రాలు చాలావరకు ఆ డార్క్‌రూమ్‌లో, హైపో వాసన మధ్య, ఫొటోలు కడగడం చూస్తూ గడిచాయి. ఆయన వాడిన నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరా ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ షట్టర్ పడుతుంది. అందుకే ఆ రూపంలో కొత్త కెమెరా వస్తుందన్న కబురు వినగానే నా మనసు ఆగదు. ఇప్పుడు మళ్లీ అలాంటి కబురే నడుస్తోంది. పోయిన వారం పరకాల నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. వాడు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. "అక్కా, బుకింగ్ ఓపెన్ కాంగనే పెట్టాల్నా, ఆగాల్నా?" అని అడిగాడు. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ప్రీ-ఆర్డర్ డబ్బుతో మనకు దక్కేది వరుసలో ఒక చోటు. అంతవరకే. అది రేషన్ షాపు ముందు సంచీ పెట్టి రావడం లాంటిది. సంచీ పెట్టామని సరుకు వచ్చే రోజు మారదు, వచ్చినప్పుడు మన వంతు ముందుంటుంది. కాబట్టి కెమెరా బాగుందా లేదా అన్న ప్రశ్న కంటే ముందు, ఆ ముందు వంతుతో మీకు పనేమిటో చూసుకోండి.

ఒక్కోసారి ఆ చోటుకు నిజంగానే విలువ ఉంటుంది. పాత రూపంలో ఉండే చిన్న కెమెరా ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్‌ను 2024 ఫిబ్రవరి 20న ప్రకటించారు. ముందుగా పేరు రాయించుకున్నవాళ్లలో కూడా చాలామంది నెలల తరబడి ఎదురుచూశారు, తర్వాత వచ్చినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి మోడల్ మీకు ఫలానా తేదీకి కావాలంటే మొదటి రోజే పేరు రాయించాలి. కానీ ఫలానా తేదీ అనేది ఒకటి ఉండాలి కదా. మేడారం జాతరనే చూడండి. రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి. 2024 ఫిబ్రవరిలో తప్పిపోయినవాళ్లు 2026 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. మేనకోడలి పెళ్లి, ముసలి నానమ్మ పుట్టినరోజు, మీకు డబ్బు తెచ్చే ఒక పెద్ద ఆర్డర్, ఇవన్నీ తేదీలే. "అందరికంటే ముందు నా చేతిలో ఉండాలి" అన్నది తేదీ కాదు. ఆ కోరిక తప్పని నేను అనను, నాకూ ఉంది. కానీ దానికోసం నెలల తరబడి డబ్బు ఇరికించుకోకూడదు.

తేదీ ఉన్నా సరే, షాపువాళ్లు చెప్పిన రోజుకు కనీసం నెలరోజులు కలిపి లెక్క వేసుకోండి. నెల కలిపినా మీ తేదీ ఇంకా ముందే ఉంటే బుక్ చేయొచ్చు. లేకపోతే ఆ పనికి వేరే కెమెరా అద్దెకు మాట్లాడి పెట్టుకోండి. ఇక ఏమైనా కానివ్వండి, కొత్తది పెట్టెలోంచి తీసి, వంద ఫొటోలు తీసి, కార్డులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేదాకా పాతదాన్ని అమ్మకండి. ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఎంత బాగున్నా అమ్మకండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా మరిచిపోయినా నాకు ఫర్వాలేదు.

పది రోజుల పరీక్ష

దీనికి పైసా ఖర్చు లేదు. బుకింగ్ తెరవకముందే, మీ దగ్గర ఇప్పుడున్న కెమెరాతోనే చేయండి.

ఒకే ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా చూపిస్తుందో చెప్పే అంకె) ఎంచుకోండి. 35 గానీ 50 గానీ. జూమ్ లెన్సే ఉంటే 35 దగ్గర ఆపి సెల్లో టేప్ వేయండి. మోడ్ డయల్‌ను మాన్యువల్‌లో పెట్టండి. ఆటో ఐఎస్ఓ తీసేయండి (ఐఎస్ఓ అంటే వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె). వెనక స్క్రీన్ తిరిగేదైతే లోపలికి మూసేయండి, లేకపోతే నల్ల కాగితం అంటించండి. రోజుకు 36 ఫొటోలు మాత్రమే. ఒక రీలుకు అన్నే వచ్చేవి.

కెమెరా కంటికి ఆనించకముందే వెలుతురును అంచనా కట్టండి. బాపు నాకు నేర్పిన మొదటి లెక్క ఇది: మబ్బు లేని ఎర్రటి ఎండలో అపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16, షట్టర్ వేగం ఐఎస్ఓ అంకెకు దగ్గరగా. ఐఎస్ఓ 100 అయితే సెకనులో 1/125 వంతు. నీడలోకి వస్తే ఎఫ్/16ను ఎఫ్/5.6 దాకా తెరవాలి. ఈ లెక్క కట్టిన తర్వాతే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చూడండి. మూడో రోజుకు మీ అంచనా మీటర్‌కు దగ్గర పడుతుంది, అప్పుడు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. రెట్రో కెమెరా మీద ఉండే డయళ్లన్నీ ఆ సంతోషం కోసమే. కెమెరా ఆఫ్‌లో ఉన్నా షట్టర్ ఎంతలో ఉంది, ఐఎస్ఓ ఎంతలో ఉంది పైనుంచి చూస్తే కనిపిస్తుంది. బడిపిల్ల జడలు వేసుకొని వాకిట్లో నిలబడేలోపు అంకెలు తిప్పి సిద్ధంగా ఉండొచ్చు.

మన దగ్గర ఈ పరీక్షకు చోట్లకు కొదవ లేదు. నేనైతే మూడు చోట్లకు వెళ్తాను. పొద్దున్నే వేయిస్తంభాల గుడి: ఎండ ఏటవాలుగా పడి నున్నటి నల్లరాయి మెరుస్తుంది, మీటర్ మోసపోతుంది, మీరు మోసపోకూడదు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్: ఎర్రటి కుప్పల మీద నిట్టనిలువు ఎండ, మనుషులు క్షణం ఆగరు. (అక్కడ డయల్ తిప్పిన వేలితో కన్ను నలుపుకోకండి. రోజంతా మండుతుంది.) సాయంత్రం కాజీపేట జంక్షన్ దగ్గర: నిమిష నిమిషానికి వెలుతురు తగ్గుతుంటే ఎన్నిసార్లు ఐఎస్ఓ మార్చాల్సి వస్తుందో లెక్కపెట్టండి.

పదో రోజున మీకే తెలుస్తుంది. ఎనిమిదో రోజు కూడా ఉత్సాహంగా చెప్పులేసుకొని బయల్దేరితే డయళ్ల కెమెరా మీకోసమే. నాలుగో రోజే "ఆటోలో పెట్టుకుంటే ఆ ఫొటో దొరికేది కదా" అని విసుగొస్తే, అది చాలా విలువైన సమాచారం. అప్పుడు అదే డబ్బుతో లోతైన గ్రిప్ ఉన్న మామూలు బాడీ (లెన్స్ లేని కెమెరా) కొనండి. ఫొటోలో తేడా ఉండదు. పాత రూపంలో వచ్చిన నికాన్ జెడ్ ఎఫ్‌లో ఉన్నది 24.5 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, అంటే పాత ఫిల్మ్ ఫ్రేమంత సైజుది. మామూలు ఆకారంలో వచ్చిన జెడ్ 6 రెండో తరంలోనూ అంకె అదే. పైన డయళ్లు ఉన్నాయని ఫైల్ మారదు, తీసే మనిషి తీరు మారుతుంది. ఆ మార్పు మీకు కావాలా వద్దా అన్నది ఈ పది రోజులే చెబుతాయి.

పాత రూపంలో ఏది నిజంగా పాతది

ప్రకటన ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి: నల్లటి తోలు, వెండి అంచు, గీతలు చెక్కిన చక్రాలు. లోపల మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో దారి. ఎఫ్‌ఎం2లో షట్టర్ డయల్ పైన, అపర్చర్ రింగ్ లెన్స్ మీద ఉంటాయి. 1982లో వచ్చిన ఆ కెమెరాకు బ్యాటరీ కావాల్సింది మీటర్‌కే. బ్యాటరీ లేకపోయినా షట్టర్ 1/4000 దాకా పనిచేస్తుంది. ఆ ఎఫ్‌ఎం2ను గుర్తుచేస్తూ 2023 సెప్టెంబర్‌లో ప్రకటించిన జెడ్ ఎఫ్ మీద షట్టర్‌కు, ఐఎస్ఓకు, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌కు (ఫొటో వెలుగును పెంచడానికి, తగ్గించడానికి) ఇత్తడి డయళ్లున్నాయి. అపర్చర్‌కు మాత్రం మామూలుగా బాడీ ముందున్న చిన్న చక్రం తిప్పాలి, ఎందుకంటే నికాన్ జెడ్ లెన్సుల మీద అంకెలు చెక్కిన అపర్చర్ రింగ్ ఉండదు. ఫుజీ లెన్సుల్లో చాలావాటికి ఆ రింగ్ ఉంటుంది. ఎడమ చెయ్యి లెన్స్ కింద పెట్టి అపర్చర్ తిప్పడమే మీకు కెమెరా అనుభవం అయితే, ఈ తేడా మామూలుది కాదు.

ఇంకో సంగతి. రూపం పాతదే ఉంచాలని కంపెనీ దేన్నో ఒకదాన్ని వదిలేస్తుంది. 2013లో వచ్చిన నికాన్ డీఎఫ్‌లో వీడియోనే పెట్టలేదు. 2021లో వచ్చిన జెడ్ ఎఫ్‌సీ అందంగా, తేలిగ్గా ఉంటుంది, కానీ బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు. జెడ్ ఎఫ్‌లో స్టెబిలైజేషన్ ఉంది, ఫోకస్ పాయింట్ జరపడానికి జాయ్‌స్టిక్ లేదు. రెండో కార్డుకు చోటిచ్చారు, అది మైక్రో ఎస్డీ, పైగా రెండు కార్డులూ బ్యాటరీ మూత కిందే. కొత్త మోడల్ ప్రకటన చదివేటప్పుడు ఏమేం పెట్టారో అందరూ చెబుతారు, మీరు ఏం వదిలేశారో వెతకండి. స్పెసిఫికేషన్ల పట్టికను ఇప్పుడు మీరు వాడుతున్న కెమెరా పట్టిక పక్కన పెట్టి గీత గీతా పోల్చండి. అరగంట పని.

స్టెబిలైజేషన్ గురించి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. రామప్ప గుడి రంగమండపంలో పగలు కూడా మసక వెలుతురే. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. చేత్తో పట్టుకొని ఎఫ్/2, 1/15, ఐఎస్ఓ 1600 దగ్గర పైకప్పు చెక్కడాలు తీయాలంటే బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే బతికిపోతాం. శిల్పాలు కదలవు కాబట్టి అది పనికొస్తుంది. అదే బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను తీసేటప్పుడు దాంతో లాభం లేదు, చేతులు నిలకడగా ఉన్నా చప్పట్లు నిలవవు కదా. అక్కడ కావాల్సింది 1/250, వెలుతురు ఎక్కువ లాగే లెన్స్. మీరు తీసేవాటిలో కదిలేవి ఎన్ని, కదలనివి ఎన్ని అని పోయిన ఏడాది ఫొటోలు తిరగేసి చూడండి.

బరువు, పట్టు కూడా అంతే. ఎఫ్‌ఎం2 540 గ్రాములు. బ్యాటరీ, కార్డుతో జెడ్ ఎఫ్ 710. ముందు భాగం నున్నగా ఉండే ఇలాంటి బాడీని ఏసీ షాపులో ఐదు నిమిషాలు పట్టుకుంటే ఏమీ తెలియదు. మే నెలలో ఖిల్లా వరంగల్ తోరణాల మధ్య అరచెయ్యి చెమటపట్టాక తెలుస్తుంది. చాలామంది కింద స్క్రూతో బిగించే గ్రిప్ వేరుగా కొంటారు. కొంటే అది బ్యాటరీ మూతకు అడ్డు రానిదై ఉండాలి.

బీరువాలోని లెన్సులు

నాకు ఈ విషయమే అన్నిటికంటే పెద్దది, కాస్త ఓపిగ్గా చదవండి.

చాలామంది రెట్రో బాడీ కొనాలనుకునేది ఇంట్లో ఉన్న పాత లెన్సులు మళ్లీ బతుకుతాయన్న ఆశతో. ఆశ సగమే నిజం. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే బాడీకి లెన్స్ బిగించే చోటు) లెన్స్ మౌంట్‌కూ ఫిల్మ్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. జెడ్ మౌంట్‌లో అది 16 మాత్రమే. మధ్యలో ఉన్న ఖాళీని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ నింపుతుంది. ఏఎఫ్-ఎస్ రకం లెన్సులకు లోపలే మోటార్ ఉంటుంది, వాటికి ఆటో ఫోకస్ పనిచేస్తుంది. ఏఎఫ్-డి రకానికి ఫోకస్ తిప్పే మోటార్ పాత కెమెరా బాడీలో ఉండేది. అడాప్టర్‌లో అది లేదు, కాబట్టి చేత్తోనే ఫోకస్ చేయాలి. మా ఇంట్లో ఉన్న 85 డి లెన్స్ అలా మాన్యువల్ లెన్స్ అయిపోయింది. పరకాల తమ్ముడి దగ్గర రెండు డి లెన్సులున్నాయి, వాడికి ఈ సంగతి తెలియదు. ప్రీ-ఆర్డర్ పెట్టి, అడాప్టర్ తెచ్చి, పెళ్లి మండపంలో తెలుసుకుంటే ఎంత టెన్షన్!

బాపు 50 ఏఐ-ఎస్ లెన్స్ కథ వేరు. అది మొదటి నుంచీ మాన్యువలే. దాని మీద అపర్చర్ రింగ్ ఉంది. అడాప్టర్‌తో బిగించి, మెనూలో లెన్స్ వివరాలు ఒకసారి నమోదు చేస్తే చాలు. జెడ్ ఎఫ్ అయితే మాన్యువల్ లెన్స్ పెట్టినా మనిషి ముఖాన్ని, కంటిని గుర్తించి అక్కడ చట్రం చూపిస్తుంది, దాన్ని పెద్దది చేసి చూసి ఫోకస్ తిప్పుకోవచ్చు. బాపుకు అలాంటిది దొరికుంటే ఎంత మురిసిపోయేవాడో. ముసలితనంలో ఆయనకు కంటిచూపు తగ్గి ఫోకస్ అందక కెమెరా పక్కన పెట్టేశాడు.

అయితే పాత లెన్సులను లెక్కలో వేసుకునే ముందు వాటిని చూడాలి. లెన్స్ అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చ్ వేసి, ఇంకో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్. మన వానాకాలం తేమకు, మూసి ఉంచిన బీరువాలకు అది తరచూ వస్తుంది. అపర్చర్ రెక్కల మీద నూనె తడి ఉందేమో, ఫోకస్ రింగ్ గట్టిపడిందేమో కూడా చూడండి. బాగు చేయించే ఖర్చు బాడీ ధరకు కలపాలి. మంచి లెన్సులను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నీలం రంగువి గులాబీ రంగుకు మారితే తేమ పీల్చేశాయని అర్థం, వేడిచేసి మళ్లీ వాడొచ్చు.

లెన్సులేవీ లేనివాళ్లు ఇంకో లెక్క వేయాలి. బాడీతో పాటు ఒక్క మంచి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్) కొనే డబ్బు ఇప్పుడే ఉందా? లేకపోతే ఆగండి. అందమైన బాడీకి దొరికిన చౌక జూమ్ తగిలించి ఏడాది గడిపితే, ఆ డయళ్ల మీద మోజు తీరకముందే విసుగొస్తుంది. ఎక్స్100 సిక్స్ లాంటిదైతే 23 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్స్ బాడీకే బిగించి వస్తుంది. ఇంకో లెన్స్ కొనే బాధ లేదు, మార్చే వీలూ లేదు. మీ పది రోజుల పరీక్ష ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 35తో చేసి ఉంటే దీనికి జవాబు మీ దగ్గర ఇప్పటికే ఉంది, ఎక్స్100 సిక్స్‌లోని చిన్న సెన్సర్ మీద 23 ఇచ్చే చూపు అదే.

పెళ్లిళ్లు తీసేవాళ్లకు

తమ్ముడికి వద్దని చెప్పాను, కనీసం మొదటి కెమెరాగా వద్దని. పెళ్లిలో పన్నెండు గంటలు నిలబడాలి. 70-200 లాంటి బరువైన జూమ్ తగిలిస్తే నున్నటి బాడీ మణికట్టును లాగేస్తుంది. జీలకర్ర బెల్లం వేళ కార్డు నిండితే, ట్రైపాడ్ ప్లేట్ విప్పి, బ్యాటరీ మూత తెరిచి, చిటికెన వేలి గోరంత మైక్రో ఎస్డీ కార్డును వెతకాలా? ఇండోర్, అవుట్‌డోర్, స్టేజీ అని సెట్టింగులు దాచుకునే యూ1, యూ2 చోట్లు జెడ్ ఎఫ్ మీద లేవు. కొత్తగా వచ్చే మోడల్ వీటిని సరిచేసి ఉండొచ్చు. చేసిందో లేదో చూశాకే పనికి తీసుకోవాలి.

"40 మెగాపిక్సెల్ ఉంటే ఆల్బమ్ బాగొస్తది కదక్కా" అన్నాడు. లెక్క చేసి చూపించాను. కరిజ్మా ఆల్బమ్‌లో ఒక పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలు వేసుకున్నా 5400 పొడవు, 3600 వెడల్పు. 24 మెగాపిక్సెల్ ఫైల్ దాదాపు 6000 పొడవు ఉంటుంది. సరిపోయి మిగులుతుంది. అదనపు మెగాపిక్సెల్ నింపేది హార్డ్‌డిస్క్‌నే.

రెండో కెమెరాగా, పెళ్లికూతురు తయారయ్యే గదిలో, కిటికీ పక్కన, ఒక ప్రైమ్‌తో, అలా అయితే తప్పకుండా బాగుంటుంది. పెద్ద కెమెరా చూస్తే బిగుసుకుపోయే పెద్దమ్మలు చిన్న పాత కెమెరాలాంటిది చూసి "మా పెండ్లికి ఇసొంటిదే ఉండె" అని నవ్వుతారు. ఆ నవ్వు నాకు చాలాసార్లు దొరికింది. కానీ రెండో కెమెరాకు తొందరేముంది?

డబ్బు, షాపు

బాడీ ధర ఒక్కటే చూడకండి. అడాప్టర్, ఇంకో బ్యాటరీ, వేగమైన కార్డు, గ్రిప్, పాత లెన్సుల రిపేరు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి. నేను మొదటిసారి ఈ కూడిక చేయలేదు. చిట్టీ ఎత్తిన డబ్బు బాడీకే అయిపోయి, అడాప్టర్‌కు ఇంకో రెండు నెలల జీతం దాకా ఆగాను. అన్ని రోజులూ బాపు లెన్స్ డబ్బాలోనే ఉంది.

డిజిటల్ కెమెరా మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. స్టూడియో పేరు మీద జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లు ఆ నంబర్‌తోనే బిల్లు తీసుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఆ పన్ను వాళ్లు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. బుకింగ్ రోజే ఆ పేరుతో రాయించాలి, తర్వాత మార్చడం కష్టం. "బిల్లు లేకుంటే తక్కువకు ఇస్తాం" అనేవాళ్ల దగ్గర చాలాసార్లు వేరే దేశం సరుకు ఉంటుంది, దానికి ఇండియా వారంటీ రాదు. కొత్త మోడల్ మొదటి నెలల్లో వారంటీ లేకుండా వాడే ధైర్యం నాకు లేదు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ బ్యాంకు తీసుకుంటుంది, వెంటనే కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు కూడా పోతుంది. అన్నీ కలిపి చూస్తే ఒక మంచి కార్డు ధర అవుతుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు షాపులో అడగాల్సినవి: వద్దనుకుంటే మొత్తం డబ్బు వాపసు ఇస్తారా, ఎన్ని రోజుల్లో? వరుసలో నా నంబర్ ఎంత? బాడీ ఒక్కటే ఇస్తారా, లెన్స్ కిట్ కూడా అంటగడతారా? ఈలోపు ధర మారితే ఏ ధర? ఉచితం అంటున్న బ్యాటరీ, కార్డు పెట్టెతోనే వస్తాయా, తర్వాత ఫారం నింపాలా? జవాబులు నోటిమాటగా కాకుండా రసీదు మీద గానీ వాట్సాప్‌లో గానీ రాసి ఇవ్వమనండి. నాకు దసరా మాట నోటితోనే ఇచ్చారు. తర్వాత అడిగితే "కంపెనీ నుంచి రాలేదు మేడం" అన్నారు, నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. పదివేలకు మించి అడ్వాన్స్ ఇప్పుడు నేను ఎక్కడా ఇవ్వను.

షాపు ఎక్కడిదన్నదీ ఆలోచించండి. వరంగల్‌లో బుక్ చేస్తే సాయంత్రం కాలేజీ అయ్యాక వెళ్లి అడగొచ్చు. హైదరాబాద్ అంటే కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు, రైలు దిగాక సిటీలో ఇంకో గంట. ఒక చిన్న ఫిర్యాదుకు ఒక సీఎల్ పోతుంది. అయినా సరే బుకింగ్‌కు ముందు ఒక్కసారి అక్కడికి వెళ్లి, అదే కంపెనీ పాత రెట్రో మోడల్ ఏదైనా పట్టుకొని చూడండి. మీ సొంత కార్డు తీసుకెళ్లి పది ఫొటోలు తీసుకొని రండి.

మొదటి రోజు వచ్చే వీడియో రివ్యూలను నేను చూస్తాను, కానీ వాటిని చూసి నిర్ణయించను. కంపెనీ పిలిచిన చోట కొన్ని గంటలు వాడి చెప్పేవే వాటిలో ఎక్కువ. నెల తర్వాత సొంత డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఏమంటున్నారో వినాలి: డయల్ సంచీలో దానంతటదే తిరుగుతోందా, బ్యాటరీ రోజంతా వస్తోందా, మూత వదులైందా. సాఫ్ట్‌వేర్ లోపాల గురించి అంత భయం వద్దు, అవి తర్వాత సరిచేస్తారు. జెడ్ ఎఫ్ వచ్చిన ఏడాదిన్నర దాటాక, 2025లో, ఫిల్మ్ గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫొటోల్లోని సన్నటి రవ్వలు) లాంటి కొత్త సదుపాయాలు అప్‌డేట్‌లో ఉచితంగా ఇచ్చారు, ముందు కొన్నవాళ్లకూ తర్వాత కొన్నవాళ్లకూ ఒకేలా. మార్చలేనిది లోహం, పట్టు, కార్డు చోటు. వాటినే గట్టిగా చూడాలి.

ప్రకటన రాకముందే రాయాల్సిన చీటీ

ఫొటోలు బయటికొచ్చిన రాత్రి మనసు ఒకచోట ఉండదు. అందుకని ప్రకటనకు ముందే ఒక చీటీ రాయండి. మూడే వరుసలు: తేదీ, లెన్స్, పరిమితి. తేదీ అంటే ఏ పనికి, ఏ రోజుకు కావాలో. లెన్స్ అంటే మొదటి ఏడాది దేనితో తీస్తారో. పరిమితి అంటే అన్నీ కూడాక దాటకూడని మొత్తం. మూడు వరుసలూ నిండితే మొదటి గంటలోనే బుక్ చేయండి, అనుమానం పెట్టుకోకండి. తేదీ నిండకపోతే, మిగతా రెండూ ఎంత బాగున్నా, షాపుల్లోకి సరుకు వచ్చాక కొనండి. లెన్స్ వరుస ఖాళీగా ఉంటే ఆ డబ్బుతో ముందు లెన్స్ కొనండి.

తమ్ముడు తన చీటీ ఫొటో తీసి పంపాడు. తేదీ దగ్గర మాఘంలో ఒప్పుకున్న ఆరు పెళ్లిళ్లు రాశాడు, లెన్స్ దగ్గర రెండు డి లెన్సులు రాసి మళ్లీ కొట్టేశాడు. వాడు ఏఎఫ్-ఎస్ 85 పాతది ఒకటి చూస్తున్నాడు, హనుమకొండ చౌరస్తాలో ఎవరో అమ్ముతున్నారట. ఆదివారం టార్చ్ పట్టుకొని ఇద్దరం వెళ్లి చూస్తాం.

నా చీటీ బీరువా తలుపు లోపల అంటించాను. లెన్స్: బాపు 50. పరిమితి: చిట్టీలో మిగిలింది, అడాప్టర్ ఇప్పటికే ఉంది. తేదీ దగ్గర ఏమీ రాయలేదు. ఈ ఏడాది సద్దులకు నా దగ్గరున్న కెమెరాతోనే పద్మాక్షి గుట్టకు వెళ్తాను, బ్యాటరీలు రెండూ నింపుకొని.